ఇరవై ఫ్రేముల్లో పడిన అమ్మాయి

కార్లను గోడకు గుద్దించి, ఆ క్షణంలో ఏం జరుగుతుందో కొలవడం నా వృత్తి. అమెరికాలోని ట్రాయ్‌లో పద్దెనిమిదేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. డ్రైవరు సీటులో మనిషికి బదులు కూర్చోబెట్టే డమ్మీ తల ఎన్ని మిల్లీసెకన్లలో ఎంత దూరం కదిలిందో, సెకనుకు వెయ్యి ఫ్రేములు తీసే కెమెరా చెబుతుంది. ఆ ఫ్రేములను ఒక్కొక్కటిగా జరుపుకుంటూ చూడటం ఎంత అలవాటయిందంటే, కదిలే దృశ్యాన్ని ఆపకుండా చూడటం నాకు దాదాపు చేతకాకుండా పోయింది. నా కూతురి విషయంలో నేను చేసిన తప్పు ఈ అలవాటులోనే మొదలయింది కనుక ముందుగా దీన్ని చెప్పవలసి వచ్చింది.

మా ఇంట్లో సినిమాలు చూసేది నా భర్త, మా అమ్మాయి. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ సోఫాకు చెరో చివర చేరేవారు. ఫైట్లు ఉంటే చాలు, సినిమా ఏ దేశానిదైనా వారికి అభ్యంతరం లేదు. నేను పక్క గదిలో రిపోర్టులు దిద్దుకుంటూ ఉంటే గోడ అవతలినుంచి వాదన వినిపించేది.

“డూపే! జుట్టు చూడవే, విగ్గు. బెజవాడలో మేం నేల టిక్కెట్టులో కూర్చుని కనిపెట్టేవాళ్లం.”

“నో నాన్నా, తనే చేసింది! ఫేస్ కనిపిస్తోంది కదా!”

“ఫేసూ డూపే.”

వాళ్లు చివరిగా ఇష్టపడిన సినిమా ఒక థాయ్ చిత్రం. ఓడరేవు ఊళ్లో చేపల వలలు బాగుచేసే ఒక అమ్మాయి, తన చెల్లెలిని ఎత్తుకుపోయిన ముఠాను వెతుక్కుంటూ వెళుతుంది. దాదాపు గంటన్నర సేపు ఆమె కొడుతూ, దెబ్బలు తింటూ ఉంటుంది. ముయే థాయ్ అనే ఆ యుద్ధవిద్యలో పిడికిళ్లు, మోచేతులు, మోకాళ్లు, కాలి ముందరి ఎముకలు, జత చొప్పున మొత్తం ఎనిమిది ఆయుధాలని మా అమ్మాయి చెబితే, నా భర్త ఎంతో సంతోషించారు. “మనది సాష్టాంగ నమస్కారం, వాళ్లది సాష్టాంగ యుద్ధం” అని ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెప్పేవారు.

రెండేళ్ల కిందట ఒక ఫిబ్రవరి ఉదయం, డ్రైవ్‌వేలో మంచు ఎత్తిపోస్తూ ఆయన కుప్పకూలిపోయారు. నలభై తొమ్మిదేళ్లు. అమ్మాయికి పదిహేను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మిగిలిన మాటలు చాలా తక్కువ. చెత్త డబ్బా బయట పెట్టావా, కారులో గ్యాస్ ఉందా, రేపు డెంటిస్ట్ ఎన్నింటికి? ఇవి తప్ప చెప్పుకోవడానికి ఏమున్నదో నాకు తెలిసేది కాదు. ఆమెకు తెలిసినా చెప్పేది కాదు.

ఆ వేసవిలో ఆమె ముయే థాయ్ నేర్చుకుంటానని అడిగింది. ఇండియన్ గ్రోసరీకీ, పళ్ల క్లినిక్‌కీ మధ్య ఒక చిన్న జిమ్ ఉంది. ఏదో ఒకటి చేయనీ అనుకుని చేర్చాను. వారానికి మూడు సాయంత్రాలు తీసుకెళ్లేదాన్ని. లోపలికి వెళ్లకుండా కారులో కూర్చుని లాప్‌టాప్ చూసుకునేదాన్ని. అప్పుడప్పుడు తల ఎత్తితే జిమ్ అద్దం వెనక ఆమె కాలు ప్యాడ్‌ను తాకడం కనిపించేది. కారు తలుపులు మూసి ఉండటం వల్ల చప్పుడు మాత్రం వినిపించేది కాదు. తర్వాత ఆమెకే లైసెన్సు వచ్చింది. ఆ కాస్త చూడటం కూడా ఆగిపోయింది.

తెలిసినవాళ్లు సహజంగానే హెచ్చరించారు. రిటైరైన ఒక డాక్టరుగారు, ముక్కు, చెవి, గొంతు చూసిన ఆవిడ, సత్యనారాయణ వ్రతంలో మా అమ్మాయి మోకాలి కింది నల్లటి మచ్చలు చూసి దగ్గరికి పిలిచారు.

“ఆడపిల్లకి ముక్కు ముఖ్యం తల్లీ. విరిగితే రేపు పెళ్లిచూపుల్లో ఏ యాంగిల్లో కూర్చోబెడతారే నిన్ను?”

“మీరు ఫిక్స్ చేస్తారు కదా ఆంటీ.”

“రిటైరయ్యాను. చేతులు వణుకుతున్నాయి. వంకరగా కుడతా, చూస్కో మరి.”

అందరితోపాటు నేనూ నవ్వాను. కాని నాకు ముక్కు గురించి భయం లేదు. ముక్కు అతుక్కుంటుంది.

పోయిన అక్టోబరులో ఆమె ఒక కాగితం తెచ్చి కాఫీ టేబుల్ మీద పెట్టింది. నవంబరులో గ్రాండ్ రాపిడ్స్‌లో అమెచ్యూర్ పోటీ. మూడు రౌండ్లు, తలకు హెడ్‌గేర్, కాళ్లకు గార్డులు. పద్దెనిమిదేళ్లు నిండలేదు కాబట్టి తల్లి లేదా తండ్రి సంతకం కావాలి. ఆ ఫారంలో “తండ్రి” అన్న చోట ఆమె ముందుగానే ఒక సన్నని గీత గీసి ఉంచింది.

నేను ఒప్పుకోలేదు. కోప్పడలేదు, వివరించాను. హెడ్‌గేర్ చర్మం చిట్లకుండా కాపాడుతుంది. కాని పక్కనుంచి దెబ్బ తగిలి తల తిరిగినప్పుడు, లోపల మెదడు ఒక క్షణం ఆలస్యంగా తిరుగుతుంది. ఆ ఆలస్యాన్ని ఏ హెడ్‌గేరూ ఆపలేదు. నేను బతుకుతున్నదే ఆ ఆలస్యాన్ని కొలిచి.

ఆమె అంతా విని, “ఓకే. ఒక్క పని చెయ్యి అమ్మా” అంది. “ఆ థాయ్ మూవీ నాతో చూడు. ఫుల్‌గా. చూశాక కూడా నో అంటే, నో. నేను మళ్లీ అడగను.”

సరేనన్నాను. సంతకం విషయం ఆ సినిమా పూర్తయ్యాక తేలాలి. అది మా ఒప్పందం.

శనివారం మధ్యాహ్నమే కూర్చున్నాం. నా భర్త కొన్న డిస్క్ అది. ఆయన కూర్చునే చివరన నేను కూర్చున్నాను. మొదటి నలభై నిమిషాలు ఓపిగ్గా చూశాను. తర్వాత కథానాయిక గోదాము బాల్కనీ రెయిలింగు మీదినుంచి, కింద కట్టేసిన పడవలోకి వెల్లకిలా పడే దృశ్యం వచ్చింది. పడిన తీరులో ఏదో తేడాగా అనిపించింది.

“ఆగు” అని రిమోట్ తీసుకున్నాను.

వెనక్కి జరిపి ఫ్రేము ఫ్రేముగా లెక్కపెట్టాను. రెయిలింగును కాలు వదిలినప్పటినుంచి పడవను వీపు తాకేవరకు ఇరవై ఫ్రేములు. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ ఇరవయ్యే. చేతికందిన కాగితం మీద బొమ్మ గీయడం మొదలుపెట్టాను.

“ఆ అమ్మాయి ఎత్తు నూట అరవై సెంటీమీటర్లు అనుకో. రెయిలింగు నుంచి పడవకి రెండున్నర రెట్లు. అంటే నాలుగు మీటర్లు. నాలుగు మీటర్లు పడటానికి 0.9 సెకను పడుతుంది. సినిమాలో సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు. అంటే ఎన్ని రావాలి?”

“ట్వెంటీ... టూ?”

“దగ్గర దగ్గర. ఇక్కడ ఇరవయ్యే ఉన్నాయి. భూమి ఎవర్నీ అంత తొందరగా లాక్కోదు.”

“హైట్ రాంగ్ ఏమో అమ్మా?”

“ఇరవై ఫ్రేములే రావాలంటే ఎత్తు మూడు మీటర్ల నలభై ఉండాలి. అరవై సెంటీమీటర్లు తప్పు పోతానా నేను?”

“సో, షి డిడ్‌న్ట్ ఫాల్?”

“తీగ కట్టి కిందికి లాగి ఉంటారు, లేదా కంప్యూటర్లో అతికించి ఉంటారు. మనిషన్నవాడు ఇలా పడలేడు.”

“నాన్న కూడా ఫస్ట్ డూప్ అన్నాడు.”

“చూశావా మరి!” అన్నాను. ఆమె నవ్వింది.

అక్కడితో ఆపలేదు. మోచేతి దెబ్బ తగలడానికి రెండు ఫ్రేముల ముందే విలన్ తల వెనక్కి పోవడం చూపించాను. తన్ను ఛాతీకి ఒక జానెడు దూరంలోనే ఆగడం చూపించాను. అవి నిజాలే. మా అమ్మాయి అడుగుతూ ఉంది, నేను చెబుతూ ఉన్నాను. మధ్యలో లేచి టీ పెట్టుకున్నాం. ఎత్తునుంచి పడే పిల్లి ఎలా తిరుగుతుందో సోఫా దిండుతో అభినయించి చూపాను. దిండు జారి నా నెత్తిమీదే పడింది. ఇద్దరం చాలాసేపు నవ్వాం. ఆ మధ్యాహ్నం నాకు సంతోషంగా గడిచిందని ఒప్పుకోవాలి.

ఆఖరి ఫైటు ముగిసి, చెల్లెలు దొరికి, తెరమీద పేర్లు మొదలు కాగానే స్టాప్ నొక్కాను. చివరి దెబ్బ పడ్డాక హాల్లో కూర్చునే అలవాటు మన తెలుగువాళ్లలో ఎవరికుంది? స్కూటరు బయటకు తీయడం కోసం శుభం కార్డు పడకముందే లేచే ఊళ్లోనే నేనూ సినిమాలు చూశాను.

“అమ్మా, ఇంకా ఉంది...”

“పేర్లే కదే.”

టేబుల్ సర్దుతూ, నేను లెక్కలు రాసిన కాగితాన్ని తిప్పి చూశాను. పోటీ ఫారం. దాని వెనకవైపు నిండా నా బాణాలు, నా వర్గమూలాలు.

“అయ్యో, చూసుకోలేదు. ఇంకొకటి ప్రింట్ చేసుకో.”

“ఫర్వాలేదు అమ్మా. అక్కర్లేదు.”

ఆ లెక్కలనే నా జవాబుగా తీసుకుంది. ఆమె మాట తప్పలేదు. మళ్లీ అడగలేదు. నవంబరు వెళ్లిపోయింది. వారానికి మూడుసార్లు వెళ్లేది ఒకసారికి తగ్గి, డిసెంబరుకు పూర్తిగా ఆగింది. చదువు ఒత్తిడి అంది. ఒక స్నేహితురాలితో ఫోనులో, “అరవకుండా, ఏడిపించకుండా, లెక్కతో ఒప్పించాను” అని చెప్పుకున్నాను. ఆవిడ తన కొడుకు వీడియోగేముల మీద కూడా ఒక లెక్క వేసి పెట్టమంది.

జనవరిలో, ప్లేనో నుంచి కొత్తగా మా లాబ్‌కు మారిన ఒక తెలుగు ఇంజనీరమ్మాయి ఒక రిపోర్టు పట్టుకుని వచ్చింది. పరీక్షలో డమ్మీ తల స్టీరింగును తాకవలసిన సమయం కంటే ముందే తాకినట్టు వీడియో చెబుతోంది.

“రెండు రోజులైంది అక్కా. సెన్సర్ రీప్లేస్ చేయించా, బెల్టులు చెక్ చేశా. నంబర్ అసలు పాసిబులే కాదు.”

“ముందు గడియారాన్ని అనుమానించు. తర్వాత సెన్సరుని. న్యూటన్‌ని ఆఖర్న. కెమెరా స్పీడ్ ఎంత?”

“వెయ్యి. షీట్‌లో ఉంది కదా.”

“షీట్‌లో కాదు, కెమెరాలో.”

చూస్తే కెమెరాను తొమ్మిది వందల మీద పెట్టారు. సెకనుకు తొమ్మిది వందల ఫ్రేములు తీసి, వెయ్యి అనుకుని లెక్కిస్తే, లోకంలో ప్రతిదీ ఉన్నదానికంటే వేగంగా జరిగినట్టు కనిపిస్తుంది.

“పాపం, రెండ్రోజులు న్యూటన్‌ని తిట్టిపోశాను అక్కా” అని ఆ అమ్మాయి చెంపలు వేసుకుంది. నవ్వుతూ నా గదికి బయలుదేరాను. సగం దారిలో ఆగిపోయాను.

ఇరవై ఫ్రేములను 0.9 సెకనుతో భాగిస్తే ఇరవై రెండు వస్తుంది. ఫైటు దృశ్యాలను సెకనుకు ఇరవై రెండు ఫ్రేముల చొప్పున తీసి, ఇరవై నాలుగుతో చూపిస్తారు. దెబ్బ కాస్త చురుగ్గా కనిపిస్తుందని. ఇది పాత పద్ధతి. పాతకాలపు మూగచిత్రాల్లో జనం గబగబా నడవడం చూసిన ఎవరైనా ఊహించగలిగింది. నా ప్రతి రిపోర్టులోనూ మొదటి పంక్తి కెమెరా వేగమే. ఇంట్లో, సోఫాలో, నా కూతురి పక్కన కూర్చున్నప్పుడు మాత్రం ఆ పంక్తిని వదిలేసి, గురుత్వాకర్షణను సాక్ష్యానికి పిలిచాను.

ఆ రోజు మూడు గంటలకే ఇంటికి వచ్చాను. అమ్మాయి ఇంకా స్కూలునుంచి రాలేదు. డిస్క్ ప్లేయరులోనే ఉంది. మీట నొక్కితే, నేను ఆపిన చోటునుంచే, పేర్ల దగ్గరే మొదలయింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ దాన్ని చూడలేదన్నమాట.

పేర్ల పక్కన ఒక చిన్న చట్రంలో, చిత్రీకరణలో జరిగిన పొరపాట్లు చూపిస్తున్నారు. ఉల్లాసమైన పాట వస్తోంది. మోచేయి నిజంగానే తగిలి ఒకతను పన్ను చేత్తో పట్టుకుని నవ్వుతున్నాడు. తర్వాత ఆ బాల్కనీ. తీగ లేదు. పడవలో గోనెల కింద పలచని పరుపు అంచు కనిపిస్తోంది. ఆ నటి ఊపిరి పీల్చుకుని వెనక్కి పడింది. మెడ ముందుగా వంగింది. లేవలేదు. పదిమంది పరుగెత్తుకొచ్చారు. ఒక పెద్దాయన ఆమె తలను రెండు అరచేతుల మధ్య కదలకుండా పట్టుకుని చెవిలో ఏదో చెబుతున్నాడు. ఆమె ఏడుస్తోంది. తర్వాతి ముక్కలో ఆమె మళ్లీ అదే రెయిలింగు మీద ఉంది. గడ్డానికి ప్లాస్టరు. ఈసారి ఎండ లేదు, పడవ మీద రెయిలింగు నీడ లేదు. సినిమాలో ఉన్నది నీడలేని పతనం. నేను ఫ్రేములు లెక్కపెట్టింది ఆ రెండోసారి పడినదాన్ని.

ప్లేయరు ఆపాను. నా భయం అబద్ధం కాదు. ఆ మెడ వంగిన తీరు నేను రోజూ చూసేదే. మా అమ్మాయి ఆ ప్రమాదాన్ని నా నుంచి దాచాలనుకోలేదు. అది చూపించడానికే సినిమా పూర్తిగా చూడమంది. చూసిన తర్వాత నేను ఏమంటానో వినాలనుకుంది. నేను చూడకుండానే జవాబు చెప్పాను.

నాలుగున్నరకు ఆమె వచ్చింది. బూట్ల మంచు దులుపుకుంటూ ఉండగానే అన్నాను.

“ఆ అమ్మాయి నిజంగానే పడింది.”

ఎవరని అడగలేదు. “యా” అంది.

“నీకు తెలుసా?”

“నాన్నా నేనూ ఆ క్రెడిట్స్ త్రీ టైమ్స్ చూశాం. ఆ పార్ట్ వస్తే నాన్న పిల్లో అడ్డం పెట్టుకుని, ‘అయిపోయిందా, లేచిందా’ అని అడుగుతూ ఉండేవాడు. నేను చెప్పాలి, లేచింది నాన్నా అని. అప్పుడు తీసేవాడు.”

ఇది నాకు తెలియదు. గోడకు ఇవతల కూర్చున్నాను కనుక నేను విన్నదంతా డూప్ గురించిన వాదనే.

“మరి ఆ రోజు చెప్పొచ్చు కదా, నా లెక్క తప్పని?”

“ఎందుకు రాంగో నాకు తెలీదు. రాంగ్ అని తెలుసు, అంతే.”

“అదే చెప్పొచ్చు కదా!”

ఆమె కుళాయి దగ్గరికి వెళ్లి గ్లాసు నింపుకుంది. సగం తాగింది. నా వైపు తిరగకుండానే అంది.

“యూ వర్ లాఫింగ్, అమ్మా. నాన్న పోయాక ఫస్ట్ టైమ్. టూ అవర్స్ మాట్లాడావు నాతో. దాన్ని ఎలా స్టాప్ చెయ్యను?”

నాకు వచ్చింది చేతకాని మాటే.

“సంతకం చేస్తాను. ఇప్పుడే. ఫారం ఎక్కడుంది?”

“ఆ ఫైట్ అయిపోయింది కదా.”

“ఇంకొకటి ఉంటుంది.”

“మార్చ్‌లో ఎయిటీన్ వస్తుంది అమ్మా. సిగ్నేచర్ అక్కర్లేదు.”

“అయితే వెళతావా?”

“తెలీదు. ఇప్పుడు అంత అనిపించట్లేదు. ఇట్స్ ఓకే, రియల్లీ.”

ఆ గొంతు నేను ఎరిగినదే. ఆయన పోయిన వారంలో, నేను గదిలోంచి బయటకు రానప్పుడు, పదిహేనేళ్ల పిల్ల ఫోనులెత్తి బంధువులకు ఆ గొంతుతోనే జవాబులు చెప్పింది. అమ్మ పడుకుంది, తిన్నది, బాగానే ఉంది.

మార్చిలో పుట్టినరోజు వెళ్లాక, నేనే బతిమాలి ఆమెను జిమ్‌కు తీసుకువెళ్లాను. మొదటిసారి లోపలికి వెళ్లి గోడ పక్కన నిలబడ్డాను. కాలు ప్యాడ్‌ను తాకినప్పుడు ఎంత చప్పుడవుతుందో అప్పుడు తెలిసింది. కోచ్ ఆమెను చూసి చాలా సంతోషించింది. నడుము కాస్త బిగుసుకుంది, నెలలో సర్దుకుంటుంది అంది. అమ్మాయి పదిహేను నిమిషాలు చేసింది. ప్రతి రెండు మూడు తన్నులకూ ఒకసారి నా వైపు చూసి చిన్నగా నవ్వుతోంది, నేను సంతోషంగా ఉన్నానో లేదో అని. ఆ పదిహేను నిమిషాలూ ఆమె నాకోసమే చేసిందని అప్పటికి గ్రహించాను. ఇంకోసారి రమ్మని నేను అడగలేదు.

ఇప్పుడు మేం ఎక్కువగానే మాట్లాడుకుంటున్నాం. అంటే, నేను మాట్లాడుతున్నాను. మొన్న ఒక ఉదయం ఆమె నడుపుతుంటే పక్కన కూర్చుని, రోడ్డుకంటే ముందు వంతెన మీద మంచు ఎందుకు గడ్డకడుతుందో చెప్పాను. వంతెనకు కిందినుంచి కూడా చలిగాలి తగులుతుందని, నేలకున్నట్టు దానికి కింద వెచ్చదనం ఉండదని. ఆమె శ్రద్ధగా విన్నది. చక్కటి ప్రశ్న ఒకటి అడిగింది. నేను జవాబు సగంలో ఆపి, ఆమె ముఖం వైపు చూశాను.

“నేను చెప్పేది తప్పనిపిస్తే చెప్పు. ఏమీ అనుకోను. నిజంగా.”

ఆమె రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు.

“కరెక్టే అమ్మా” అంది. “తర్వాత?”